చుక్క పెట్టవలసిన చోటు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసమును వ్రాసి పంపవలసినదని సంపాదకులు కోరినప్పుడు, 35 సంవత్సరముల కాలము చిన్న తరగతులకు ఇంగ్లీషు వ్యాకరణము చెప్పిన నాకు వేఱొక విషయము తోచలేదు. 1977వ సంవత్సరము జూన్ మాసమున నేనిచ్చట ఉపాధ్యాయుడనుగా చేరితిని. 2012లో విశ్రాంతి పొందితిని. ఈ నడుమ దిద్దిన వ్రాతపుస్తకముల లెక్క నాకు తెలియదు. ఖాళీ చేసిన ఎఱ్ఱ సిరా బుడ్ల లెక్కయు తెలియదు. కాని యొక విద్యార్థి వ్రాసిన యొక కాగితము మాత్రము నాయొద్ద నేటికిని భద్రముగ నున్నది. చదువరులు ఓపికతో విందురేని దాని సంగతి చెప్పెదను.

చేరిన క్రొత్తలో విరామ చిహ్నములనిన నాకు మిక్కిలి పట్టుదల. ఫుల్‌స్టాప్, కామా, ప్రశ్నార్థక చిహ్నము, ఉద్ధరణ చిహ్నములు, వీనినన్నిటిని నల్లబల్లపై పట్టికగా వ్రాసి, "ఊపిరి కొంచెము నిలిపిన చోట కామా, పూర్తిగ నిలిపిన చోట ఫుల్‌స్టాప్" అని పిల్లలచేత వల్లె వేయించెడివాడను. నా చిన్ననాట నాకును అట్లే చెప్పిరి. ఈ సూత్రము వినుటకు ఇంపుగ నుండును. దీనిలోని లోపమును తెలిసికొనుటకు నాకు రెండేండ్లు పట్టినది. అదియైనను నా తెలివి వలన గాదు.

1979వ సంవత్సరమున ఏడవ తరగతివారిని "నేను మఱవలేని దినము" అను విషయమును గూర్చి ఇంగ్లీషున ఒక పుట వ్రాసి తెండని చెప్పితిని. హాస్టలులో నుండి చదువుకొనుచున్న యొక బాలుడు (పేరు చెప్పను, పల్నాటి పల్లెవాడు, గొఱ్ఱెల కాపరి బిడ్డ, పండ్రెండేండ్లవాడు) పుట నిండ వ్రాసి తెచ్చెను. పైనుండి క్రిందివఱకు చూచితిని. కామా లేదు. ఫుల్‌స్టాప్ లేదు. వ్రాయుటకు ఇక చోటు లేదు గనుక కాబోలు, పుట చివర మాత్రము మిరియపు గింజయంత చుక్క యొకటి యుండెను. నడుమ నంతయు ‘అండ్’ అను మాటయే. లెక్కపెట్టితిని: 23 ‘అండ్’లు.

మఱునాడు తరగతిలో ఆ పుటను చేత బట్టుకొని, "ఊపిరి తీయుటకు ఇతడు నాకు సెలవిచ్చి యుండలేదు, కావున ఆగక చదివెదను, వినుడు" అని ఒక్క బిగిని చదువ నారంభించితిని. నాలుగవ పంక్తికి గ్రుడ్లు మిటకరించితిని. ఎనిమిదవ పంక్తికి ఱొమ్ముపై చేయి వేసికొంటిని. చివరకు బల్లపై వ్రాలి రొప్పితిని. తరగతి యంతయు పకపక నవ్వినది. పాఠము చక్కగ నాటినదని నేనును సంతోషించితిని. ఆ బాలుడు మాత్రము తల యెత్తలేదు.

ఆ వారములోనే వాడు తెచ్చిన మఱియొక వ్రాతలో ప్రతి మాటకు తరువాత నొక చుక్క యుండెను. ‘ఐ. గో. టు. స్కూల్.’ ఇది పెంకెతనమో భయమో విచారింపక, పెంకెతనమే యని యెంచి రెండు దెబ్బలు వేసితిని. (నాడు బెత్తము మా చేత నుండెడిది. 2009 నాటి విద్యాహక్కు చట్టము దానిని నిషేధించినది, మేలు చేసినది.) మఱునాటి యుదయమున హాస్టలు హాజరు పట్టికలో వాడు లేడు. ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిపించి, "మీ తరగతి పిల్లవాడు. మీరే పోయి తోడ్కొని రండు" అని మాత్రము చెప్పిరి.

శనివారము మాచర్ల బస్సెక్కి, దారిలో దిగి, మిరప చేల నడుమ ఐదు కిలోమీటరులు నడచితిని. ఆ పల్లె నాడు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి పల్నాడు జిల్లాలోనిది. నాపరాళ్లు పేర్చిన గోడలు, వాని ప్రక్క ముళ్లకంపతో కట్టిన గొఱ్ఱెల దొడ్డి. నన్ను చూచినంతనే బాలుడు దొడ్డిలోనికి పోయి దాగెను. తల్లి నులక మంచము వాల్చి, చెంబుతో మజ్జిగ తెచ్చియిచ్చి, నేనడుగకయే చెప్పనారంభించినది.

"పొద్దుగూకినాక నడిసొచ్చి, గడపకాడ కూకొని, అన్నం పెడితే ముట్టకుండా, ఏందిరా అంటే పలక్కుండా, దొడ్లోకి పోయి గొర్రెల మజ్జెన పడుకొని, తెల్లారి నేను పోయి లేపితే, వాళ్ల నాయన పోయిన పొద్దు సంగతి ఇంగిలీసులో రాస్తే అది సదివి అందరూ నవ్వారని చెప్పి ఏడ్చాడు పంతులుగారూ."

నా చేతిలోని చెంబు నచ్చటనే దింపితిని. ఆ పుట నా సంచిలోనే యుండెను. తీసి చదివితిని. నిజము చెప్పవలెనన్న, అదియే నేను దానిని మొదటిసారి చదువుట. నడుమ నిట్లున్నది: ‘ఐ గాట్ అప్ అండ్ ఐ కాల్ మై ఫాదర్ అండ్ హి నాట్ గెట్ అప్ అండ్ ఐ కాల్ అండ్ మై మదర్ కేమ్ అండ్ షి క్రై అండ్ ద షీప్ ఆర్ క్రయింగ్ అండ్ నోబడీ ఓపెన్ ద గేట్’. తండ్రి లేవలేదు, దొడ్డి తలుపు ఎవరును తీయలేదు, గొఱ్ఱెలు అఱచుచునే యుండెను. నలువది మంది పిల్లల యెదుట నేను ఒగర్చుచు, గ్రుడ్లు మిటకరించుచు చదివినది ఈ మాటలనే. నేను చుక్కలను వెదకితిని గాని మాటలను చదువలేదు.

ఆదివారము సాయంకాలమునకు ఇరువురము తిరిగి వచ్చితిమి. బస్సులో మాటలు లేవు. సోమవారము తరగతిలో నిలువబడి నేను చేసినది తప్పని చెప్పితిని. ఎక్కువ మాటలు రాలేదు. పిమ్మట ఆ పుటనే, ఆగవలసిన చోట్ల నాగుచు, మెల్లగ చదివితిని. ఎవరును కదలలేదు. ఆ సాయంకాలము హాస్టలు వసారాలో కాగితమును, పెన్సిలును వాని యెదుట పెట్టి, "ఇది నీ దినము. ఎచ్చట నిలుపవలెనో నీవే చెప్పుము" అంటిని. వాడు చాలసేపు చూచెను. ‘హి నాట్ గెట్ అప్’ అను మాటల కడ పెన్సిలు మొన ఆనించి, "ఇక్కడ ఆగొచ్చా మాస్టారూ?" అని యడిగెను. ఆగవచ్చునంటిని. అచ్చట ‘డిడ్ నాట్’ అని యుండవలెనని చెప్పుట ఆ పూట నాకు తోచలేదు.

ఇంతవఱకు నా తప్పు. ఇక దానివలన నేను నేర్చినది.

ఆ తల్లి చెప్పిన మాట నా చెవిలోనే యుండెను. ‘ఏడ్చాడు’ అను పదము వచ్చువఱకు ఆమె ఎచ్చటను ఆగలేదు. అయినను వినుటలో నాకెచ్చటను తడబాటు కలుగలేదు. ఇదియేమి చిత్రమని మా తెలుగు పండితులను అడిగితిని. వారు ఎదురు ప్రశ్న వేసిరి.

"ఆమె చెప్పినవి ఎన్ని వాక్యములు?"

"పది యుండును."

"ఒక్కటియే. వచ్చి, కూర్చుండి, పోయి, పరుండి, ఇవి క్త్వార్థకములు. మీరు ఏడవ తరగతిలో చదివినవే. ‘ఏడ్చినాడు’ అనునది సమాపక క్రియ. అది వచ్చినగాని తెలుగువాని చెవికి మాట ముగియదు. మీ ఇంగ్లీషు చుక్క మాకు క్రియ తోకలోనే యున్నది గదండీ!"

ఇంటికి పోయి చిన్నయ సూరిగారి బాలవ్యాకరణమును మరల తీసితిని. 1858 నాటి యా గ్రంథమున క్రియాపరిచ్ఛేదమును పరీక్షలకై బట్టీపట్టినవాడనే గాని, అది నా ఇంగ్లీషు తరగతికి పనికివచ్చునని యెన్నడును అనుకొని యుండలేదు. తెలుగున ‘లేచి’, ‘కడిగి’, ‘తోలి’ అని క్రియ చివర ఇకారము నిలిపినచో, మాట యింకను నడచుచున్నదని వినువానికి తెలియును. ‘తోలినాను’ అన్నచో ముగిసినదని తెలియును. కంటితో చూడవలసిన గుర్తు వేఱుగ నక్కఱలేదు. ఆ బాలుడు తన తెలుగు ఇకారమునకు ఇంగ్లీషున మాట వెదకి ‘అండ్’ అని పెట్టెను. 23 ఇకారములకు 23 ‘అండ్’లు. చివర సమాపక క్రియకు ఒక చుక్క. ఒక భాష నియమమును మఱియొక భాషలో నమ్మకముగ పాటించినవానిని నేను అజాగ్రత్త గలవాడని శిక్షించితిని.

ఊపిరి సూత్రము సంగతి యేమందురా? అది పూర్తిగ అబద్ధము గాదు, మిక్కిలి పాతది. గ్రీకులు పూర్వము మాటల నడుమ ఎడము లేకుండ వ్రాసెడివారు, మన తాళపత్రములలో వలెనే. క్రీస్తునకు పూర్వము సుమారు 200 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరపు గ్రంథాలయాధికారి యైన అరిస్టోఫనీస్ అను పండితుడు, పైకి చదువువారు ఎచ్చట ఎంత ఆగవలెనో తెలియుటకై పంక్తికి పైన, నడుమ, క్రింద చుక్కలు పెట్టు పద్ధతిని కల్పించెను. కామా యనగా గ్రీకున ‘కోసిన ముక్క’ యని యర్థము. పిమ్మట 15వ శతాబ్దము చివర వెనీసు నగరమున ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయము కామాకును, సెమికోలనుకును నేటి రూపమును దిద్దినది. చదువుట కంటి పని యైన కొలదిని, చుక్కలు ఊపిరిని విడిచి వాక్యనిర్మాణమును పట్టుకొన్నవి. మన తెలుగు గద్యమునకు ఈ గుర్తులు 19వ శతాబ్దమున అచ్చు పుస్తకములతోడ అలవాటైనవి. కావున పండ్రెండేండ్ల పల్లె బాలుడు వీనిని మఱచుట వింత గాదు. ఊపిరిని నమ్ముకొన్నవాడు ఊపిరి చాలినంత దూరము చుక్క లేకుండ వ్రాయును. గొఱ్ఱెల వెంట పరుగెత్తువానికి ఊపిరి చాల యుండును.

నాటినుండి నా పాఠము మార్చితిని. మొదట తెలుగున చెప్పించుట; చెప్పినదానిని నల్లబల్లపై వ్రాయుట; అందలి ‘లేచి, కడిగి, తోలి’ అనువానిని ఒక్కొక్కటిగ ‘లేచినాను. ముఖము కడిగినాను. గొఱ్ఱెలను తోలినాను.’ అని ముగింపించుట. మొదటి దినమున పిల్లలు నవ్విరి. "ఇట్టా ఎవరు మాట్లాడతారు మాస్టారూ? తలుపు తీసి తీసి మూసినట్టుంది" అని యొకడనెను. ఇంగ్లీషువారు తఱచుగా నిట్లే మాటలాడుదురనియు, తలుపు మూసినప్పుడెల్ల ఒక చుక్క పెట్టుదురనియు చెప్పితిని. ‘తలుపు మూయుట’ అను మాట ఆ తరగతిలో నిలిచిపోయినది. నేను మఱచినను వారు మఱువలేదు, నల్లబల్లపై చుక్క విడిచితినేని "తలుపు, మాస్టారూ!" అని వెనుకనుండి కేకవేసెడివారు.

అన్నియు చక్కబడినవని చదువరులు తలపరాదు. రెండు వారములలో నొకడు లేచి, "‘ఇది మా ఇల్లు’ అంటే ముగిసింది గదా, అందులో క్రియ యేది మాస్టారూ?" అని యడిగెను. నేను తెల్లబోయితిని. తెలుగున ‘అతడు మా అన్న’ యన్న చాలును. క్రియ లేకయే వాక్యము పూర్ణము. ఇంగ్లీషువారికి ‘ఈజ్’ అనునది లేనిదే తలుపునకు గడియ లేదు. మా పిల్లలు ‘హి మై బ్రదర్’ అని యేల వ్రాయుదురో ఆ ప్రశ్నతో తెలిసినది. పెద్ద తరగతివారికి ‘లేచి’ అనుటకు సరియైన ఇంగ్లీషు ‘హావింగ్ గాట్ అప్’ అని చూపితిని. అది మఱియొక తెగులైనది. ‘హావింగ్ వాష్డ్, హావింగ్ ఈటెన్, హావింగ్ రన్, హావింగ్ ఫాలెన్’ అని ఒక బాలుడు సైకిలు మీదినుండి పడిన కథను అరపుట నడిపెను; పడినవాడు పుట చివరకు గాని లేవలేదు. తగ్గించుమని చెప్పుటకు ఒక నెల పట్టినది.

నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది ‘అని’ యను చిన్న మాట. ఉద్ధరణ చిహ్నములు మా పిల్లలకు ఏల పట్టుబడవని చాలకాలము విసిగితిని. ‘రేపు వచ్చెదను అని చెప్పెను’ అన్నప్పుడు, ఎదుటివాని మాట ఎచ్చట ముగిసినదో ‘అని’ చెవికి చెప్పును. అది నోట పలుకు ఉద్ధరణ చిహ్నము. ఇంగ్లీషున నాపనికి శబ్దము లేదు. సిరా గుర్తులే యున్నవి. పిల్లలు ఆ గుర్తులను విడిచి, తమ ‘అని’ని మాత్రము వెంట తెచ్చి, ‘ఐ విల్ కమ్ టుమారో దట్ హి సెడ్’ అని వ్రాసెడివారు. తెలుగు వాక్యమున ‘అని’కి చుట్టు గీయించి, "ఈ మాటను ఇంగ్లీషునకు తీసికొని పోరాదు, దీని బదులు రెండు వైపుల ఈ కొక్కెములు తగిలింపవలెను" అని చెప్పిన పిమ్మట తరగతిలో సగము మందికి తప్పు పోయినది. మిగిలిన సగమునకు మఱుసటి యేడు పోయినది.

ప్రశ్నయు నట్లే. ‘వచ్చెనా’ అను దీర్ఘములోనే ప్రశ్న యున్నది గనుక కొక్కి గుర్తును వ్రాయ మఱతురు. ‘రాముడును లక్ష్మణుడును సీతయు’ అని ప్రతి పేరునకును జోడించుట మన మర్యాద గనుక మూడు పేర్లకు రెండు ‘అండ్’లు పెట్టుదురు, ఇంగ్లీషువారు కడపటిదానికే ‘అండ్’ అని, ముందువానికి కామాతో సరిపెట్టుదురు.

ఈ కామాను గూర్చి పిల్లలు "పెట్టకపోతే ఏమవుతుంది?" అని యడుగుదురు. వ్రాతపుస్తకములో అర మార్కు పోవును. లోకములో మఱికొంత పోవచ్చును. అమెరికా దేశపు మెయిన్ రాష్ట్రమున ఒక చట్టము, పాడగు ఆహారపదార్థములను డబ్బాలకెత్తుట, నిలువచేయుట మొదలగు పనులు చేయువారికి అధిక గంటల కూలి యియ్య నక్కఱలేదని చెప్పి, ఆ జాబితా చివర ‘రవాణాకై కట్టలు కట్టుట లేక పంచుట’ అను నర్థము వచ్చునట్లు ముగించినది. ‘లేక’కు ముందు కామా లేదు. పాలబండ్లు నడుపువారు, "మేము పంచుదుము గాని కట్టలు కట్టము, కామా లేదు గనుక ఇది కట్టలు కట్టువారిని గూర్చియే" యని వాదించిరి. 2017 మార్చిలో పై న్యాయస్థానము, చట్టపు మాట సందిగ్ధముగ నున్నదని, వారి పక్షముగ తీర్పు చెప్పినది. 2018లో 50 లక్షల డాలర్లతో వ్యవహారము పరిష్కారమైనది. నా చివరి దినములలో నీ సంగతి జరిగియున్నచో నా కెంత ఉపకరించి యుండెడిదో! విశ్రాంతి పొందిన పిదప ఇరుగుపొరుగు పిల్లలకు చెప్పి తృప్తి పడుచున్నాను.

ఇంగ్లీషు గంటలో తెలుగు మాటలాడుట తగదని వాదించిన సహోపాధ్యాయులు కలరు. వారి వాదములో న్యాయము లేకపోలేదు. ఈత నేర్చువానిని ఎల్లకాలము గట్టుననే కూర్చుండబెట్టి నీటిని గూర్చి చెప్పినచో వాడు ఈదడు. నేనును ఒక్కొక దినమున క్త్వార్థకముల ముచ్చటలో పడి, గంట కొట్టునప్పటికి ఒక్క ఇంగ్లీషు వాక్యమైనను వ్రాయింపకుండుట కలదు. తనిఖీకి వచ్చిన యొక అధికారి అట్టి దినముననే నా తరగతిలో అడుగుపెట్టిరి. నల్లబల్లపై నంతయు తెలుగే. ఇది ఏ గంట యని యడిగిరి. పిల్లలు ఒక్క గొంతుతో "ఇంగ్లీష్!" అనిరి. వారు పుస్తకములో వ్రాసి పోయిన మాటలు నాకు అనుకూలమైనవి గావు. నేను పద్ధతిని మానలేదు గాని, ఆ తరువాత గంటలో సగము కాలము దాటునప్పటికి తెలుగును తుడిచివేయుట అలవాటు చేసికొంటిని. ఆ అధికారి మాట మంచికే వచ్చినదని ఇప్పుడు తోచును.

మన బాలుని సంగతి. వాడు ఇంగ్లీషున పండితుడు కాలేదు. పదవ తరగతి రెండవమారు వ్రాసి గట్టెక్కెను. పిమ్మట నాపరాళ్ల వ్యాపారి కడ లెక్కలు వ్రాయు పనిలో కుదిరెను. 2004వ సంవత్సరము జూన్ మాసమున, జుట్టు నెరయుచున్న మనిషి యొకడు ఒక ఆడపిల్ల చేయి పట్టుకొని ఉపాధ్యాయుల గదికి వచ్చి, "మాస్టారూ, దీన్ని ఆరో తరగతిలో చేర్చాను" అనెను. గొంతును బట్టి గుర్తించితిని. కాగితము నాయొద్దనే యున్నదని చెప్పితిని. వాడు దానిని చూపుమని అడుగలేదు. కూతురి తల నిమిరి, "ఇది ప్రశ్నలెక్కువ వేస్తుంది, కోప్పడకండి" అని మాత్రము చెప్పి పోయెను.

నెల తిరుగకముందే ఆ మాట నిజమైనది. పెద్ద అక్షరముల పాఠమది. మన లిపిలో పెద్ద చిన్న భేదము లేదు గనుక అది మా పిల్లలకు ఎప్పుడును వింతయే. వాక్యము మొదట, ఊరి పేరునకు, మనిషి పేరునకు పెద్ద అక్షరము. ‘నేను’ అను నర్థము గల ‘ఐ’ ఎచ్చట వచ్చినను పెద్ద అక్షరము అని చెప్పితిని. ఆ బాలిక లేచినది.

"సార్, మరి ‘యూ’కి?"

"చిన్న అక్షరమే."

"నన్ను నేను చెప్పుకుంటే పెద్ద అక్షరమూ, మిమ్మల్ని అంటే చిన్న అక్షరమూనా? తప్పు కదండీ?"

తరగతి నిశ్శబ్దమైనది. పూర్వము చేతివ్రాత కాలమున ఒంటరి చిన్న ‘ఐ’ ప్రక్క మాటలలో కలిసి కనబడకపోవుచుండగా లేఖకులు దానిని పొడిగించి వ్రాయనారంభించిరనియు, అది గర్వముచేత గాదనియు పండితులు చెప్పు సమాధానమునే చెప్పితిని. ఆమె విని కూర్చున్నది. కాని మొగమున తృప్తి కనబడలేదు.

ఆ త్రైమాసిక పరీక్షలో ఉపాధ్యాయునకు సెలవుచీటి వ్రాయుమని యొక ప్రశ్న యిచ్చితిని. ఆమె చీటిలో చుక్కలన్నియు తమ తమ చోట్ల నుండెను. ‘యూ’ మాత్రము వచ్చిన నాలుగు చోట్లను పెద్ద అక్షరముతో వ్రాసియుండెను. నాలుగింటిని ఎఱ్ఱ సిరాతో దిద్దితిని. మార్కులు తీయలేదు.